సోయా మానేసిన ఏడాది

ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాను: నేను బాగున్నాను. ఇవాళ పొద్దున రెండు జొన్నరొట్టెలు చింతకాయ తొక్కుతో తిని, ఒక పెళ్ళికూతురి జాకెట్‌కు చేతులు అతికించి, ఆ తర్వాత ఈ కాగితాలు ముందేసుకున్నాను. ఇలాంటి అనుభవాలు చదువుతున్నప్పుడు నాకు చివరిదాకా ఒకటే గుబులు, ఈ మనిషి ఉందా, పోయిందా అని. ఆ బాధ మీకు పెట్టను. ఉన్నాను. కొంచెం లావు కూడా అయ్యాను.

నా పేరు గంగామణి. బోధన్‌కు దగ్గర్లోనే మా ఊరు. ఆడవాళ్ళ జాకెట్లు కుట్టడం నా పని, ఇరవై రెండేళ్ళుగా అదే. మా ఆయన లింబాద్రి వ్యవసాయం చేస్తాడు. మా మామ ఉన్నప్పుడు మా మూడెకరాల్లో చెరుకు ఉండేది. చెరుకు పోయాక వానాకాలం సోయా, యాసంగికి శనగ. మా చుట్టుపక్కల నల్లరేగడి భూములన్నిట్లో ఇంచుమించు ఇదే పద్ధతి.

ఇక్కడొక విచిత్రం ఉంది. సోయా మేమే విత్తుతాం, కలుపు తీస్తాం, కోస్తాం, మిషన్ పట్టిస్తాం, సంచులకెత్తి మార్కెట్ యార్డులో పోసి వస్తాం. తినం మాత్రం. కందులు, పెసర్లు ఇంటికని కొన్ని ఆపుకుంటాం కానీ, సోయా గింజలు గుప్పెడు పొయ్యి మీద పెట్టిన ఇల్లు మా ఊళ్ళో నాకు తెలిసి లేదు. నూనె తీస్తారని, పిప్పి కోళ్ళ దాణాకు పోతుందని విన్నాం. అంతకు మించి దాని సంగతి మాకెందుకు? పంట చేతికొచ్చిందా, అమ్మేశామా, అయిపోయింది.

కిందటేడు హోళీకి ముందు పెళ్ళిళ్ళ పని ఊపిరి సలపకుండా ఉంది. ఒకరోజు నా జాకెట్ ఎడమవైపు చంక కింద పట్టేసినట్టు అనిపించింది. నా కొలతలు నాకు కంఠతా వచ్చు, పదేళ్ళుగా అరంగుళం మారలేదు. ఒళ్ళొచ్చిందేమో అనుకుని ఆ పక్క కుట్టు విప్పి వదులు చేసుకున్నాను. వారం తిరక్కుండా మళ్ళీ పట్టేసింది. మళ్ళీ విప్పాను. మూడోసారి విప్పడానికి బట్టలో దాచిన మడతే మిగల్లేదు. అప్పుడు అద్దం ముందు నిలబడి చేయి పెట్టి చూసుకుంటే, లోపల ఉడకని శనగలా గట్టిగా ఒకటి తగిలింది.

నా మీద నాకే కోపం వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళందరి ఒంటి తేడాలూ టేపు పెట్టకుండా చెప్పేదాన్ని, నా ఒంట్లో తేడా వస్తే ఒంటిని వదిలేసి జాకెట్‌ను సరిచేశాను. మూడు వారాలు! మీలో ఎవరికైనా ఒకవైపు జాకెట్ పట్టేస్తుంటే దర్జీ దగ్గరికి రాకండి. దర్జీనే చెప్తున్నాను, ముందు ఆస్పత్రికి పొండి.

ఏప్రిల్‌లో నిజామాబాద్ ఆస్పత్రి. సుగుణ వదిన ఇల్లు అక్కడే. వదినంటే మా ఆయనకు అక్క. నోరు పెద్దది, చేయి ఇంకా పెద్దది, పెట్టడంలో. ఆస్పత్రి హాల్లో మాకు కుర్చీలు దొరక్కపోతే ఇద్దరు మగవాళ్ళను లేపి మరీ నన్ను కూర్చోబెట్టింది. "పేషంటు నిలవడితే మీరు కాళ్ళు సాపుకొని కూసుంటరా? లేవుర్రి, లేవుర్రి." వాళ్ళలో ఒకాయన కూడా పేషంటేనట. తర్వాత తెలిసి సిగ్గుపడి ఆయనకు చాయ్ తెచ్చి ఇచ్చింది.

ముక్క తీసి పరీక్షకు పంపినరోజు నుంచి రిపోర్టు వచ్చేదాకా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో నేను పదిహేడు జాకెట్లు కుట్టాను. రిపోర్టు చూసి డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. క్యాన్సరే. ఆడ హార్మోన్ మీద బతికే రకం. పెద్దగా పాకలేదు, ఆపరేషన్, కీమో, కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్, ఆ తర్వాత ఐదేళ్ళు మాత్ర. "నయమవుతుందనే నమ్మకంతోనే వైద్యం మొదలుపెడుతున్నాం," అంది.

మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఒక్కటే అడిగాడు.

"మేడం, తిండి ఏం పెట్టాలె?"

నాకు ఒళ్ళు మండింది. బతుకుతానా చస్తానా అని ఆలోచిస్తుంటే ఈయనకు తిండి గోలేంటి అనుకున్నాను. ఇరవై ఆరేళ్ళ కాపురంలో చాయ్ కూడా పెట్టుకోని మనిషి మరి. డాక్టరమ్మ మాత్రం ఆ ప్రశ్నను పెద్దదిగానే తీసుకుంది. "బలమైన తిండి. పప్పులు, పాలు, గుడ్లు, మాంసం. కీమోలో ఈమె బరువు తగ్గకూడదు. ఆ పని మీది," అంది. ఆయన తల ఊపాడు. అలా తల ఊపి ఒప్పుకున్న మాట మీదే ఆ తర్వాత ఏడాదంతా నిలబడ్డాడు.

ఆపరేషన్ గురించి ఎక్కువ రాయను. ఎడమవైపు తీసేశారు. కళ్ళు తెరిచేసరికి వదిన నా కాళ్ళు ఒత్తుతోంది. "ఏడువకు మణీ, పీడ పోయింది," అంటూ తను ఏడుస్తోంది.

మే నెల నుంచి కీమో. మా అమ్మాయి ఆర్మూర్‌లో అత్తగారింట్లో ఉంది, నిండు నెలలు. రావద్దని మేమే ఆపాం. అది ఫోన్లో అలిగింది, ఏడ్చింది, నెలాఖరుకు మనవరాలిని కని నా చేత ఫోన్లోనే జోల పాడించుకుంది. అలా ఇంట్లో మేమిద్దరమే మిగిలాం, నేనూ, వంట రాని మా ఆయనా.

కీమో హాల్లో నా పక్క కుర్చీ మెండోర నుంచి వచ్చే ఒక అవ్వది. డెబ్భై దాటి ఉంటుంది. మొదటి రోజు నా జడ చూసి, "ఇంత జడ ఏం జేస్తవ్ బిడ్డా, రెండు వారాలల్ల ఊడిపోతది, ఇక సబ్బు ఖర్సు లేదు నూనె ఖర్సు లేదు," అంది. నిజంగానే మూడో వారానికి జుట్టంతా దిండు మీదే ఉంది. ఏడుస్తూ పోతే ఆ అవ్వ తన కొంగు తీసి నున్నటి గుండు చూపించి, "సూడు, ఎవలిది మంచిగున్నదో చెప్పు," అని పోటీ పెట్టింది. సూది ఎక్కించే నర్సమ్మను తీర్పు చెప్పమంది. నర్సమ్మ నాకే ఓటేసింది. ఆరోజు చేతికి సూది ఉండగానే కడుపు పట్టుకుని నవ్వాను.

కానీ తిండి లోపలికి పోయేది కాదు. గుడ్డు వాసనకే కడుపులో దేవేది. మాంసం వీధి చివర ఉడుకుతున్నా నాకు తెలిసిపోయేది. పాలు తాగితే తాగినట్టే బయటికి. రెండు కీమోలకే ముఖం పీక్కుపోయింది. మా ఆయన బోధన్‌లో జబ్బార్ భాయ్ కిరాణా దుకాణానికి పోయి మొరపెట్టుకున్నాడు. జబ్బార్ భాయ్ వాళ్ళ నాన్న కాలం నుంచి మాకు అక్కడే సామాను.

"మాంసం లెక్క బలం ఉండాలె, మాంసం వాసన ఉండొద్దు. అసొంటిది ఏమన్న ఉన్నదా భాయ్?"

"ఎందుకు లేదు లింబన్నా? మీల్ మేకర్ తీస్కపో," అని సంచిలోంచి తీసి జోకి ఇచ్చి, వంట కూడా చెప్పి పంపాడట. మా ఆయన దారంతా వల్లె వేసుకుంటూ వచ్చాడు: వేడినీళ్ళలో నానబెట్టాలి, గట్టిగా పిండాలి, ఉల్లిగడ్డ, అల్లంవెల్లుల్లి, గసాలు.

మొదటిరోజు పిండడం మర్చిపోయాడు. కొరికితే నోట్లో నీళ్ళు చిమ్మాయి. "గిదేంది, బట్టలుతికే స్పంజి పెట్టినవా?" అన్నాను. ఆయన చిన్నబుచ్చుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాడు. రెండోరోజు పిండాడు, ఉప్పు మర్చిపోయాడు. నాలుగోరోజు కూర కుదిరింది. నేను గిన్నె ఊడ్చి తిన్నాను, అది కడుపులో నిలిచింది. నెల రోజుల్లో కడుపులో నిలిచిన మొదటి తిండి. ఆయన ముఖం చూడాలి అప్పుడు! వాకిట్లోకి పోయి పక్కింటి మల్లవ్వను పిలిచి మరీ చెప్పాడు, "మల్లవ్వా, తిన్నది! మొత్తం తిన్నది!" అని. ఆరోజు నుంచి రోజు విడిచి రోజు మా ఇంట్లో మీల్ మేకర్ కూరే. పులుసు పెట్టాడు, వేపుడు చేశాడు, బగారా అన్నంలో వేశాడు. నోటికి అది తప్ప వేరేది పోయేది కాదు.

జూన్. మృగశిర దగ్గర పడింది. సోయా విత్తే ముందు మా దగ్గర విత్తనం మొలక చూస్తారు. గోనెసంచి ముక్క తడిపి, నూరు గింజలు వరుసగా పరిచి, చాపలా చుట్టి నీడన పెడతారు. నాలుగైదు రోజులకు విప్పి ఎన్ని మొలిచాయో లెక్కపెడతారు. మా ఆయన ఆ చుట్ట చుట్టిపెట్టిన రెండోరోజే సుగుణ వదిన బస్సు దిగి వచ్చింది, చేతిలో ఫోను.

"తమ్మీ, ఇది సదువు. సోయాల ఆడ హార్మోన్ ఉంటదట. మణి జబ్బుకు అది విషమట. మందు కూడ పనిచెయ్యదట. మీ పొలమంత అదే గదరా!"

నా జబ్బు ఆ హార్మోన్ మీద బతికే రకమని డాక్టరమ్మ చెప్పింది కదా. ఫోన్లో ఉన్నది దానికి అతికినట్టు సరిపోయింది. మా ఆయన ముఖం నల్లబడిపోయింది. అరగంటలో విత్తనం సంచులు బండికెత్తి పక్కచేను వాళ్ళకు ఇచ్చి వచ్చాడు.

నేను కొట్లాటకు దిగాను. "పొలంల సోయా ఉంటే నా ఒంట్లెకెట్ల వస్తదయ్యా? మనం తింటున్నమా, తాగుతున్నమా?"

"గాలి లేదా? దుమ్ము లేదా? మిషన్ పడితే ఊరంత దుమ్మే గదా. నువ్వూకో. నాకు పంట కంటె నువ్వు ముఖ్యం."

ఆ చివరి మాట ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి విన్నాను, అదీ పోట్లాటలో. ఆయన పోయాక గోనె చుట్ట విప్పి చూశాను. తెల్లటి మొలకలు బారులు తీరి ఉన్నాయి, మొలవనివి చాలా తక్కువ. అంత మంచి విత్తనం. కూర్చుని ఏడ్చాను.

ఆ వానాకాలం మా పొలంలో మక్కలు, అంటే మొక్కజొన్న వేశాడు. నల్లరేగట్లో నీళ్ళు నిలిచి కొన్ని, అడవి పందులు దూరి కొన్ని పోయాయి. చుట్టూ అందరి చేలల్లో సోయా పచ్చగా మోకాళ్ళెత్తు లేస్తే మాది బోసిగా ఉండేది. ఆ పక్కకు నన్ను పోనిచ్చేవాడు కాదు. డాంబర్ రోడ్డుకు పోవాలంటే చుట్టు తిప్పి తీసుకుపోయేవాడు. జనం నవ్వారు. నవ్వితే నవ్వనీ అన్నాడు. ఇంటికి వచ్చి చేతులు కడుక్కుని ఎంతో జాగ్రత్తగా మీల్ మేకర్ నానబెట్టేవాడు.

బతుకమ్మ నాటికి కీమోలు అయిపోయాయి. జుట్టు అరంగుళం వచ్చింది. నాకు నేనే జాకెట్ కుట్టుకున్నాను, ఎడమవైపు లోపల అర పెట్టి దూది కూరి. నా పనితనం మీద నాకు గర్వమే, రెండు పక్కలా తేడా కనిపెట్టినవాళ్ళు లేరు. అయితే ఆటలో వంగి లేచి చప్పట్లు కొట్టేసరికి ఆ దూది కాస్తా జారి చంకలోకి పోయింది. మల్లవ్వ చూసి, "గంగా, నీ సామాను పక్కకు పోతున్నది," అంది. ఆటాడుతున్న వాళ్ళంతా ఆగిపోయి నవ్వు. నేనూ నవ్వాను. అక్కడే సర్దుకుని మళ్ళీ వరుసలో కలిశాను. తర్వాత ఆ అరకు రెండు టాకాలు ఎక్కువ వేశాను.

కరెంటు పెట్టించుకోవడానికి హైదరాబాద్‌లో ఐదు వారాలు ఉండాల్సి వచ్చింది. వదిన తన ఇల్లు వదిలేసి నాతో వచ్చి ఒక్క గదిలో ఉంది. నా తల దువ్వింది, దువ్వడానికి ఉన్నదెంత గనక. ఆమె చేసిన తప్పు ఇంకాసేపట్లో రాస్తాను కాబట్టి, ఈ మాట ముందే రాసి పెడుతున్నాను.

డిసెంబర్‌లో మాత్ర మొదలైంది. రోజుకొకటి. దాంతో కొత్త బాధ, ఉన్నట్టుండి ఒళ్ళంతా మంట, చెమటలు. చలికాలంలో అందరూ శాలువాలు కప్పుకుంటే నేను విసనకర్రతో విసురుకునేదాన్ని. వదిన వాళ్ళ కాలనీలో ఒకావిడ మందుపొడి డబ్బాలు అమ్ముతుంది. అందులో ఒకటి తెచ్చింది. "చెట్ల మందు మణీ. ఈ మంటలకు మస్తు పనిచేస్తదట. రెండు చెంచాలు పాలల్ల ఏస్కొని తాగు." డబ్బా మీద అంతా ఇంగ్లీషు, ఒక పువ్వు బొమ్మ. జనవరి అంతా తాగాను. మంటలు తగ్గాయో లేదో గానీ, వదిన అడిగినప్పుడల్లా తగ్గాయనే చెప్పాను.

ఇప్పుడు ఫిబ్రవరికి వచ్చాం. ఒక మంగళవారం లైనింగ్ గుడ్డ కోసం ఇద్దరం బోధన్ పోయి, వస్తూ జబ్బార్ భాయ్ దుకాణం ముందు బండి ఆపాం.

"అక్కా, తబియత్ ఎట్లున్నది?"

"మంచిగున్న భాయ్."

మా ఆయనకు హుషారొచ్చింది. "మంచిగుండదా మరి? పత్తెం గట్ల చేయిస్తున్న. జూన్ సంది మా ఇంట్ల సోయా మాటే లేదు. పొలంల సుత ఎయ్యలే. ఆ జబ్బుకు సోయా పడదట. సరే గని, కిలో మీల్ మేకర్ జోకు."

జబ్బార్ భాయ్ చేయి సంచిలోనే ఆగిపోయింది. "ఏమంటివి లింబన్నా?"

"కిలో మీల్ మేకర్."

"దానికంటె ముందుగాల?"

"సోయా మానేసినం అంటి."

జబ్బార్ భాయ్ ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. "మరి మీల్ మేకర్ దేంతోని చేస్తరనుకున్నరు?"

మా ఆయన నా వైపు తిరిగాడు. ఇంట్లో పదో తరగతి చదివినదాన్ని నేనే. "గోధుమపిండితోని గదా," అన్నాను. నవ్వకండి. సేమ్యాలాగా ఏదో పిండి మిషన్లో వేసి తీస్తారని పెళ్ళిళ్ళ పులావులో తిన్నప్పటి నుంచి నా నమ్మకం.

"యా అల్లా! సోయాతోనే అక్కా. నూనె తీసినంక మిగిలే పిండి. మీరు యార్డుల పోసొచ్చే గింజలే మిల్లుకు పోయి, గిట్ల తయారై నా దుకాణంల కూసుంటయ్."

మా ఆయన రెండు చేతులూ గల్లా బల్ల మీద ఆనించాడు. "నేనే పెట్టిన," అన్నాడు. "తొమ్మిది నెలలు. నా చేతులతోని నేనే పెట్టిన."

జబ్బార్ భాయ్ నవ్వు ముఖం మాయమైంది. గబగబా బయటికొచ్చి ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. "లింబన్నా, ఆ ఫోన్ల రాసిందే నిజమని ఎవలన్నరు? డాక్టర్‌ను అడిగినరా? అడుగుర్రి ముందు." ఒక కాగితం పొట్లంలో పిడికెడు మీల్ మేకర్ కట్టి, "ఇది సూపెట్టుర్రి," అని నా చేతిలో పెట్టాడు. నిజమే. ఏడాది పొడుగునా ఆ డాక్టరమ్మ ముందు కూర్చున్నాం, సోయా సంగతి ఒక్కసారీ అడగలేదు. ఫోన్లో చదివింది ఎవరూ అడిగి సరిచూసుకోరనుకుంటా, మేమూ అంతే.

ఆస్పత్రికి గురువారం పోవాలి. ఏడాది పరీక్షలు అప్పటికే చేశారు, ఆరోజు ఫలితం చెప్తారు. ఆ మధ్య రెండు రోజులు నా జీవితంలో చెడ్డరోజులు. ఆపరేషన్ ముందు కూడా అంత భయపడలేదు. అప్పుడు జబ్బును తీసేస్తున్నారు అనే ధైర్యం ఉంది. ఇప్పుడు, తీసేసిన దాన్ని మళ్ళీ మేమే పెంచి పోషించామా? మింగిన మాత్రలన్నీ వృథాయేనా? మనవరాలు గోడ పట్టుకుని నిలబడుతోందని మా అమ్మాయి ఫోన్ చేస్తే, అది నడవడం చూస్తానా అనిపించి ఫోన్ పెట్టేశాను. మా ఆయన వంట చేయలేదు. గిన్నె తోమి బోర్లించాడు. మల్లవ్వ అన్నం, చారు పంపింది. ఆయన తినలేదు, నా ముఖంలోకి చూడలేదు కూడా.

గురువారం వదిన మాకంటే ముందే ఆస్పత్రిలో ఉంది. సంగతి విని తమ్ముణ్ణి పట్టుకుని దులిపేసింది. "నేను చెప్పితి గదరా! అన్నీ సూసుకోవద్దా? నేనిచ్చిన డబ్బా ఒక్కటే దాన్ని కాపాడుతున్నది." ఆ డబ్బా కూడా సంచిలో పట్టుకొచ్చింది, డాక్టరమ్మ మెచ్చుకుంటుందని. మా ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు. ఎదురుగా కూర్చున్న మెండోర అవ్వ తన సంచిలోంచి మక్కరొట్టె తీసి ఆయన ఒడిలో పెట్టి, "కొడుకా, ముందు ఇది తిను, తర్వాత తిట్టిచ్చుకో," అంది. రెండు రోజుల్లో ఆయన తిన్నది అదే.

లోపలికి పిలిచారు. డాక్టరమ్మ రిపోర్టులు తిరగేస్తుండగానే మా ఆయన పొట్లం బల్ల మీద పెట్టేశాడు. "మేడం, నేను తప్పు చేసిన. తొమ్మిది నెలలు ఇదే పెట్టిన. సోయా అని తెల్వదు మేడం."

ఆమె పొట్లం విప్పి చూసింది. "కూర చేసి పెట్టారా? ఈమె తిన్నదా?"

"తిన్నది మేడం. ఇదొక్కటే తిన్నది."

"ఎవరు వండారు?"

"నేనే."

డాక్టరమ్మ వెనక్కి వాలి, ఆయన్ని పరకాయించి చూసింది. "నేను అనుకుంటూనే ఉన్నాను. గుడ్లు వద్దంది, మాంసం వద్దంది, అయినా కీమోలో ఈమె బరువు ఎలా నిలబడిందా అని. మంచి పని చేశారండీ. రిపోర్టులన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా ఏమీ లేదు."

నేనే ముందు తేరుకున్నాను. "మరి సోయా విషమట గదా మేడం, మాత్రను పని చెయ్యనియ్యదట గదా?"

ఆమె నా పని తెలిసిన మనిషి, నర్సమ్మ జాకెట్లు నేనే కుడతాను. అందుకని నాకు అర్థమయ్యేలా చెప్పింది. సోయాలో ఆడ హార్మోన్‌ను పోలిన పదార్థం ఒకటి ఉన్నమాట నిజమేనట. అసలు హార్మోన్ కాజాలో బిగుసుకునే గట్టి హుక్కయితే, సోయాలోది చూడ్డానికి అలాగే ఉండే పట్టులేని చిన్న హుక్కు. ఆ పోలిక చూసి ఒకప్పుడు డాక్టర్లూ భయపడ్డారట. తర్వాత ఈ జబ్బు వచ్చి తగ్గి, సోయా తింటున్న ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించారట. "మామూలు తిండిగా తిన్న సోయా వల్ల జబ్బు తిరగబెట్టినట్టు కనిపించలేదు. మాత్రను చెడగొట్టినట్టూ కనిపించలేదు. కూర తినండి. అదొక్కటే కాకుండా మిగతావీ తినండి," అంది.

వదిన గొంతు సవరించుకుని డబ్బా ముందుకు జరిపింది. "మేడం, ఇది నేనిచ్చిన. చెట్ల మందు."

డాక్టరమ్మ డబ్బాను తిప్పి వెనకున్న చీమల్లాంటి అక్షరాలు చదివింది. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. "ఇదేంటో తెలుసా అమ్మా? సోయా సారం. కూరలో ఉండేదాన్ని వడగట్టి, చిక్కబరిచి డబ్బాకెత్తారు. ఇంత చిక్కటిది ఈ మాత్రతో కలిపి రోజూ తాగితే ఏమవుతుందో మాకు గట్టిగా తెలియదు. తెలియనిదాన్ని మీ మీద పరీక్షించం. ఇవాళే ఆపేయండి. నెల రోజులు తాగినదానికి భయం అక్కర్లేదు. మంటలకు నేను చూస్తాను, ఈసారి నన్ను అడిగాకే ఏదైనా నోట్లో పెట్టండి."

వదిన ముఖం చూస్తే జాలేసింది. "థూ, నా ఫోను బావిల పడ! పొలంల కెల్లి సోయాను ఎల్లగొట్టిచ్చి, డబ్బల తెచ్చి తాపిచ్చింది నేనేనా?" అంది. నాకు నవ్వాగలేదు. ఏడాదిగా కడుపులో మూటగట్టుకున్న భయమంతా నవ్వుగా బయటికొచ్చింది. వదినను పట్టుకుని నవ్వాను, ఆమె ఏడుస్తూ నవ్వింది, డాక్టరమ్మ కూడా ఆపుకోలేక కుర్చీ అటు తిప్పుకుంది.

ఇది చదివే అక్కచెల్లెళ్ళకు నాకు తెలిసింది ఒక్కటే చెప్తాను. ఇంట్లో ఏం వండుతున్నారో, ఏ డబ్బా, ఏ పొడి, ఏ ఆకు తాగుతున్నారో అన్నీ ఒక సంచిలో వేసుకుని పోయి మీ డాక్టరు బల్ల మీద పెట్టండి. సిగ్గుపడకండి. మా అంత తెలివితక్కువగా మీరు కనిపించరు. మాత్ర మాత్రం ఒక్కరోజూ మానకండి. మీ జబ్బు తీరు వేరు కావచ్చు, కాబట్టి నన్ను చూసి తినకండి, మీరే అడిగి తినండి.

మందులు తీసుకుని బయటికొచ్చేసరికి మా ఆయన లేడు. వదినా నేనూ హాలంతా వెతికాం. వెనక ఆవరణలో నల్లా దగ్గర ఉన్నాడు. నీళ్ళు ధారగా పోతున్నాయి, ఆయన ముఖం కడుక్కుంటూనే ఉన్నాడు. దగ్గరికి పోయి నల్లా కట్టేశాను. అప్పుడు చూశాను, అవి నల్లా నీళ్ళే కాదు. ఆపరేషన్ గది ముందు ఏడవని మనిషి, నా జుట్టు ఊడినప్పుడు ఏడవని మనిషి.

"రెండు దినాల సంది ఈ చేతుల దిక్కు సూడబుద్ధి కాలే గంగా," అన్నాడు. "నేనే సంపుకుంటున్న అనుకున్న."

అక్కడ జనం ఉన్నారు. పేషంట్లు, నర్సులు, సైకిల్ స్టాండు మనిషి. నలుగురిలో ఆయన చేయి పట్టుకున్నదాన్ని కాదు నేనెప్పుడూ. ఆరోజు ఆ తడి చేతులు రెండూ నా చేతుల్లోకి తీసుకున్నాను. ఉల్లిగడ్డ కోసిన గాట్లు, నూనె చిట్లిన మచ్చలు, అన్నీ ఈ ఏడాదివే.

"ఇన్నవా లేదా? ఈ చేతులు పెట్టిన బువ్వతోనే నేను నిలవడ్డనంట. మేడమే చెప్పింది."

"ఇన్న."

"మరి?"

ఆయన ముక్కు ఎగబీల్చి, "ఇంకోపారి చెప్పు," అన్నాడు.

మళ్ళీ చెప్పాను.